చేతికి ఒకటి, చిల్లర నోటు: రెండు మూడు అంకెల కూడికలు, తీసివేతల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ప్రాథమిక తరగతులకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. తల్లిదండ్రుల సమావేశాల్లో అడిగే ప్రశ్నలు మాత్రం ఏటా అవే. మా అక్క కూతురు విజయవాడలో కొత్తగా టీచరుగా చేరింది. రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి తన తరగతి నోటు పుస్తకాల్లోని తప్పులు చదివి వినిపిస్తుంది. ఆ ప్రశ్నలూ ఈ ప్రశ్నలూ కలిపి, నోటితో చెప్పిన జవాబులనే ఇక్కడ రాశాను.

మా బాబు 47కి 38 కలిపి 715 అని రాశాడు. ఎక్కడ పొరపాటు పడ్డాడు?

ముందు వాడికి ఏం వచ్చో చూడండి. ఏడూ ఎనిమిదీ పదిహేను. నాలుగూ మూడూ ఏడు. రెండూ సరిగ్గానే చేశాడు, పక్కపక్కన రాశాడు, అంతే. వాడి దృష్టిలో 47లో ఉన్న 4 అంటే నాలుగే, నలభై కాదు. తప్పు కూడికలో లేదు, స్థాన విలువలో ఉంది. అందుకే ఇలాంటి లెక్కలు మరో ఇరవై ఇచ్చినా వాడు మరో ఇరవై తప్పులు చేస్తాడు.

పది రూపాయల నోట్లు కొన్ని, రూపాయి బిళ్లలు గుప్పెడు తీసుకుని నేల మీద కూర్చోండి. ఒకవైపు నాలుగు నోట్లు, ఏడు బిళ్లలు. ఇంకోవైపు మూడు నోట్లు, ఎనిమిది బిళ్లలు. అన్నీ కలపమనండి. బిళ్లలు పదిహేను అవుతాయి. "పది బిళ్లలు నాకిచ్చెయ్, ఒక నోటు తీసుకో" అనండి. ఆ నోటు వాడి చేతిలో పడుతుంది చూడండి, మన పెద్దవాళ్లు "అయిదు వేసి చేతికి ఒకటి" అన్నది దాన్నే. తరతరాలుగా నోటికొచ్చిన ఆ మాటకు అర్థం ఇంత సూటిగా ఉందని నాకు కూడా ఉద్యోగంలో చేరిన మూడో ఏడాది గాని తట్టలేదు. ఇప్పుడు ఎనిమిది నోట్లు, అయిదు బిళ్లలు. "ఇక్కడ ఏడు వందల పదిహేను రూపాయలు ఉన్నాయా?" అని అడగండి. వాడే నవ్వుతాడు.

డబ్బు వద్దనుకుంటే చీపురు పుల్లలు చాలు. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. కట్టలు మీరు కట్టి ఇవ్వకండి, పిల్లలే కట్టాలి. లెక్క అర్థమయ్యేది ఆ కట్టడంలోనే.

నిలువు లెక్కలు ఏ వయసులో మొదలుపెట్టాలి? పక్కింటి పాప యూకేజీలోనే చేస్తోంది.

పక్కింటి పాపను ఒక్క మాట అడిగి చూడండి: 36లో 3 అంటే ఎంత? "ముప్పై" అంటే సంతోషం. "మూడు" అంటే ఆ పాప చేస్తున్నది లెక్కలు కాదు, అల్లికలో కుట్లు లెక్కపెట్టినట్టు గళ్లు నింపుతోంది.

2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా రెండో తరగతి పూర్తయ్యేసరికి 999 వరకు సంఖ్యలు చదవడం, రాయడం, 99 లోపు తీసివేతలు చేయడం వస్తే చాలంటుంది. యూకేజీలో కంగారు పడవలసిన అవసరం ఎవరికీ లేదు.

నిలువు గళ్లలోకి దిగేముందు నేను మూడు విషయాలు చూసుకుంటాను. పదికి జోడీలు (7కి 3, 6కి 4) తడుముకోకుండా రావాలి. 8కి 7 కలపమంటే మొదటినుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదు. 53ని అయిదు కట్టలు, మూడు పుల్లలుగా పేర్చి చూపించగలగాలి. ఈ మూడూ ఉంటే నిలువు పద్ధతి పది రోజుల పని. లేకపోతే ఏడాదంతా చెప్పినా సరిపోదు.

అమెరికాలో కాన్‌స్టన్స్ కామీ అనే విద్యావేత్త ఇంకా ముందుకు వెళ్లారు. చిన్న తరగతుల్లో నిలువు పద్ధతి నేర్పడమే హాని అని, పిల్లలకు స్థాన విలువ మీద ఉన్న కాస్త పట్టు కూడా దానివల్ల పోతుందని వాదించారు. నేనంత దూరం వెళ్లను. పట్టు దొరికాక నేర్పితే నిలువు పద్ధతి బంగారం లాంటిది.

నిలువుగా కాకుండా ఇంకే పద్ధతులు నేర్పాలి?

విడదీసి కలపడం. 47, 38 అంటే నలభై, ముప్పై కలిపి డెబ్బై. ఏడు, ఎనిమిది కలిపి పదిహేను. మొత్తం ఎనభై అయిదు. పిల్లలను వాళ్ల మానాన వదిలేస్తే చాలామంది ఇలాగే, పెద్ద స్థానం నుంచి మొదలుపెడతారు. "కుడివైపు నుంచి చెయ్యి" అని మనమే ఆపుతాం. నోటి లెక్కలో ఎడమ నుంచి మొదలుపెట్టడమే నయం, ఎందుకంటే జవాబు సుమారుగా ఎంతో ముందే తెలిసిపోతుంది.

నిండు సంఖ్యకు తెచ్చుకోవడం. 268కి 197 కలపాలి. 197 దాదాపు 200. 268, 200 కలిపితే 468. మూడు ఎక్కువ వేశాం కాబట్టి తీసేస్తే 465. ఇక్కడ పిల్లలు తడబడేది ఒకే చోట, చివర్లో మూడు తీయాలా కలపాలా అని. "కొట్టువాడికి మూడు రూపాయలు ఎక్కువిచ్చాం, వెనక్కి తీసుకోవాలా, ఇంకా ఇవ్వాలా?" అని అడిగితే తేలిపోతుంది.

తీసివేతకు ఎదురు లెక్క. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. నలభై ఏడు రూపాయల సరుకు కొని వంద నోటు ఇస్తే పాతకాలం కిరాణా కొట్టు ఆయన వందలో నలభై ఏడు తీసేయడు. "నలభై ఏడు" అని సరుకు ముందు పెట్టి, మూడు బిళ్లలు వేసి "యాభై" అంటాడు, యాభై నోటు పెట్టి "వంద" అంటాడు. అప్పుతెచ్చుకోవడాలు లేకుండానే 53 చేతికొచ్చింది.

సంవత్సరాల లెక్కలకు ఈ పద్ధతి పెట్టింది పేరు. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. 2025 నాటికి ఎన్నేళ్లు? నిలువుగా చేస్తే సున్నాలు, కొట్టివేతలు. ఎదురు లెక్కలో 1957 నుంచి 1960కి మూడు, 2000కి నలభై, 2025కి ఇరవై అయిదు. అరవై ఎనిమిది. దానికి ముందున్న పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ రెంటి మధ్య కాలం ఎంతో పిల్లలనే చెప్పమనండి. 1860కి అయిదు, 1900కి నలభై, ఆపైన యాభై ఏడు: నూట రెండు. నల్లబల్ల మీద ఒక గీత గీసి, ఈ మజిలీలను దాని మీద గెంతులుగా చూపిస్తే ఇంకా బాగా పడుతుంది. కొలతలు వేసి గీయక్కరలేదు, ఖాళీ గీత చాలు. నెదర్లాండ్స్ బడుల్లో ఈ ఖాళీ సంఖ్యారేఖ బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఇవన్నీ ఒకే వారంలో చెప్పేయకండి. ఒక పద్ధతి పిల్లల నోట్లో సొంతమాటలా పలికేదాకా ఆగి, ఆ తర్వాత రెండోది.

తీసివేతలో "అప్పు తెచ్చుకోవడం" అనకూడదంటారు. ఎందుకు?

అనకూడదని చట్టమేమీ లేదు. కానీ మాట పిల్లల బుర్రలో బొమ్మ గీస్తుంది. ఒకసారి మూడో తరగతి పిల్ల నన్ను అడిగింది: "పక్కింటి దగ్గర ఒకటి అప్పు తెచ్చుకున్నాం కదా టీచర్, మళ్లీ ఎప్పుడు తిరిగిస్తాం?" నా దగ్గర జవాబు లేదు. పైగా తెచ్చింది ఒకటి, ఇక్కడికి వచ్చేసరికి పది అయింది. అప్పు ఇలా పెరుగుతుందంటే పిల్లలు దేన్నయినా నమ్ముతారు.

అప్పటినుంచి నేను "చిల్లర మార్చడం" అంటున్నాను. 352లో 178 తీయాలి. మన దగ్గర మూడు వంద నోట్లు, అయిదు పది నోట్లు, రెండు బిళ్లలు. ఎనిమిది బిళ్లలు ఇవ్వాలి, రెండే ఉన్నాయి. ఒక పది నోటుకు చిల్లర తెచ్చాం: పది నోట్లు నాలుగు, బిళ్లలు పన్నెండు. ఎనిమిది ఇచ్చాం, నాలుగు మిగిలాయి. ఇప్పుడు ఏడు పది నోట్లు ఇవ్వాలి, నాలుగే ఉన్నాయి. వంద నోటుకు చిల్లర తెచ్చాం: వందలు రెండు, పదులు పద్నాలుగు. ఏడు ఇస్తే ఏడు మిగిలాయి. ఒక వంద ఇస్తే ఒక వంద మిగిలింది. 174.

చిల్లర మార్చినప్పుడు జేబులో మొత్తం మారలేదన్నది పిల్లలు గట్టిగా పట్టుకోవలసిన సంగతి. మొదటి నోటు మార్చగానే, ఇంకా ఏమీ ఇవ్వకముందే ఆపి అడగండి: "ఇప్పుడు మన దగ్గర ఎంత ఉంది?" జవాబు ఇంకా 352 అని రావాలి.

మా పాప 52లో 38 తీస్తే 26 అంటుంది. అన్ని తీసివేతలూ ఇలాగే. అశ్రద్ధ అనుకోవచ్చా?

అనుకోకండి. అశ్రద్ధ అయితే ఒక్కోసారి ఒక్కో తప్పు వస్తుంది. ఈ పాప ప్రతిసారీ ఒకే నియమం పాటిస్తోంది: ఏ గడిలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్. ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, అయిదులోంచి మూడు పోతే రెండు. బహుశా ఎవరో "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని చెప్పి ఉంటారు. దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది, పాపం.

1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేత తప్పులను కంప్యూటర్ ప్రోగ్రాముల్లోని దోషాలతో పోల్చి వివరించారు. పిల్లలు గుడ్డిగా రాయరు, వాళ్లకు ఒక విధానం ఉంటుంది, అందులో ఎక్కడో ఒక మెట్టు వంకరగా ఉంటుందని వాళ్ల మాట. నేను అక్క కూతురికి చెప్పేదీ అదే. తప్పు మీద ఎర్ర గీత పెట్టేముందు ఆ పిల్ల ఏ నియమంతో అక్కడికి చేరిందో కనిపెట్టు. అది దొరికితే సగం పాఠం అయిపోయినట్టే.

పాపను 38కి 26 కలపమనండి. 64 వస్తుంది, 52 రాదు. తీసివేతను కూడికతో సరిచూసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేయాలి.

సున్నాలు వస్తే అంతా గందరగోళం. 500లో 236 ఎలా చెప్పాలి?

నోట్లతో అయితే ఇలా: అయిదు వంద నోట్లు తప్ప చేతిలో ఏమీ లేవు. ఒక వందకు పది పదులు. ఆ పదుల్లో ఒకదానికి పది బిళ్లలు. చివరికి నాలుగు వందలు, తొమ్మిది పదులు, పది బిళ్లలు. పుస్తకంలో సున్నా మీద హఠాత్తుగా ప్రత్యక్షమయ్యే ఆ తొమ్మిది ఎక్కడిదో ఇప్పుడు తెలుస్తుంది.

అర్థమయ్యాక ఒక కిటుకు చెప్పండి. రెండు సంఖ్యల్లోంచీ ఒకటి తగ్గించండి. 499లో 235. చిల్లర అవసరమే లేదు, 264. "అలా తగ్గించవచ్చా?" అని పిల్లలు అనుమానంగా చూస్తారు. అక్క, తమ్ముడి వయసులు అడగండి. అక్కకు పన్నెండు, తమ్ముడికి ఎనిమిది, తేడా నాలుగు. నిరుడు ఎంత తేడా? పదేళ్ల తర్వాత ఎంత? ఇద్దరికీ ఒకేలా పెరిగినా తగ్గినా తేడా మారదు. 503లో 298 అంటే ఇద్దరికీ రెండేళ్లు పెంచండి: 505లో 300. 205.

మా మామగారు "కింద అంకెకు ఒకటి కలుపు" అంటారు. బడిలో పై అంకె కొట్టేయమంటారు. పిల్లవాడు నలిగిపోతున్నాడు.

మీ మామగారిదీ సరైన పద్ధతే. 52లో 38కి ఆయన "పన్నెండులో ఎనిమిది పోతే నాలుగు, మూడుకు ఒకటి కలిపితే నాలుగు, అయిదులో నాలుగు పోతే ఒకటి" అంటారు. పై సంఖ్యకు పది బిళ్లలు కలిపారు, కింది సంఖ్యకు ఒక పది కలిపారు. ఇద్దరి వయసూ ఒకేలా పెంచారు. పైన చెప్పిన అక్కాతమ్ముళ్ల లెక్కే.

1940ల చివర్లో అమెరికాలో విలియం బ్రౌనెల్ మూడో తరగతి పిల్లలపై ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. అర్థం చెప్పి నేర్పినప్పుడు చిల్లర మార్చే పద్ధతే మెరుగని తేల్చారు. కొట్టివేసి పైన చిన్న అంకె రాసుకోవడం కూడా తొలిరోజుల్లో ఊతకర్రలా పనికొస్తుందన్నారు. అందుకని మొదట బడి పద్ధతి కుదురుకోనివ్వండి. ఆ తర్వాత తాతగారిని రంగంలోకి దించి, రెండు దారులూ ఒకే చోటికి ఎందుకు చేరాయో తాతామనవళ్లను తేల్చుకోమనండి. అంతవరకు ఆయనను బతిమాలుకోవడం మీ వంతు. ఆ విషయంలో నేనేమీ సాయం చేయలేను.

అమ్మతో పూల కొట్టులో కూర్చునే పాప చిల్లర ఠక్కున ఇస్తుంది. అవే లెక్కలు పలక మీద రావు. ఎందుకని?

ఇది ఒక్క మీ పాప సంగతే కాదు. 1980ల్లో బ్రెజిల్‌లోని రెసీఫీ నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు అమ్మే పిల్లల్లో పరిశోధకులు ఇదే చూశారు. 2025లో నేచర్ అనే విజ్ఞాన పత్రికలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ప్రచురించిన అధ్యయనంలో ఢిల్లీ, కోల్‌కతా మార్కెట్లలో పనిచేసే పిల్లలు కూడా అంతే: బేరంలో చకచకా చేసిన లెక్క కాగితం మీదకు రాగానే తడబడ్డారు. బడిలో మాత్రమే చదివే పిల్లలు అందుకు తలకిందులుగా, కాగితం మీది లెక్క బాగా చేసి బజారు లెక్కలో వెనకబడ్డారు.

అంటే రెండు వైపులా వంతెన లేదు. ఆ పాపను "నువ్వు చిల్లర ఎలా ఇచ్చావో చెప్పు" అని అడిగి, ఆమె చెప్పిన మాటలనే పలక మీద అంకెల్లో రాయండి. ఎదురు లెక్క తనకు ఎప్పుడో వచ్చు, దానికి పలక మీద రూపం చూపించడమే మన పని. తక్కినవాళ్లకు కూడా ఆ రోజు ఆ పాపతోనే పాఠం చెప్పించండి.

లెక్కలు తెలుగులో చెప్పాలా, ఇంగ్లీషులోనా?

మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటోంది. రెండూ వాడుకోండి. కానీ స్థాన విలువ మొదటిసారి చెప్పేటప్పుడు తెలుగు సంఖ్యలే సాయం చేస్తాయి. పదహారు అంటే ముందు పది, తర్వాత ఆరు వినిపిస్తుంది. సిక్స్‌టీన్‌లో ఆరు ముందొస్తుంది, అందుకే అది విని 61 రాసే పిల్లలు ఉంటారు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ చెవికి ఒకేలా వినిపించడం మరో తంటా. ముప్పైలో మూడు, నలభైలో నాలుగు, అరవైలో ఆరు చెప్పకనే తెలుస్తాయి. ఆలోచన తెలుగులో జరిగాక జవాబు ఏ భాషలో చెప్పినా ఫరవాలేదు.

వేళ్ల మీద లెక్కపెడితే ఆపాలా?

ఆపకండి. పదికి జోడీలు నోటికొచ్చిన రోజు వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి.

అబాకస్, వేదగణితం క్లాసుల్లో చేర్పించమంటారా?

పూసల చట్రం మంచి వస్తువే, మన పుస్తకాల్లోనూ ఉంది. ఒక తీగ మీద పది పూసలు నిండగానే పక్క తీగ మీద ఒకటి వేస్తారు. నోటు మార్చడం ఇక్కడా అదే. కాకపోతే వేగం పోటీలుగా మారిన క్లాసుల్లో పూసలు ఎటు జరపాలో వేళ్లకు వస్తుంది, ఎందుకు జరపాలో తలకు ఎక్కదు. వేదగణితం పేరుతో చెప్పే "అన్నీ తొమ్మిదిలోంచి, చివరిది పదిలోంచి" అన్న సూత్రం చూడండి. 1000లో 468: తొమ్మిదిలో నాలుగు పోతే అయిదు, తొమ్మిదిలో ఆరు పోతే మూడు, పదిలో ఎనిమిది పోతే రెండు, 532. 500 లెక్కలో మనం నోట్లతో తెచ్చుకున్న తొమ్మిదులూ పదీ ఇవే. ఆ సంగతి చెప్పి నేర్పితే చేర్పించండి. గారడీగా నేర్పితే ఆ డబ్బుతో మామిడిపళ్లు కొనివ్వండి.

రోజుకు ఎన్ని లెక్కలు చేయించాలి?

నాలుగు. ఒక్కోటి రెండు పద్ధతుల్లో. నలభై లెక్కలు ఒకే పద్ధతిలో చేసిన పిల్లవాడికి చెయ్యి నొప్పి మిగులుతుంది.

రోడ్డు మీద ఆట ఒకటుంది. బస్సు కోసమో ఆటో కోసమో నిలబడ్డప్పుడు వెళ్లే బండి నంబరు చూడండి. 6419 అనుకోండి. ముందు రెండంకెలు, వెనక రెండంకెలు కలపాలి: 83. తీసేయాలి: 45. బెంజి సర్కిల్ దగ్గర ఎర్రదీపం పడిన కాసేపట్లో నాలుగైదు లెక్కలవుతాయి. మా తరగతిలో కొందరు నాన్న స్కూటరు వెనక కూర్చుని గట్టిగా అరుస్తూ చేస్తారట. తండ్రులు నాకు ఫిర్యాదు చేశారు కూడా.

అంకెలిస్తే చేస్తాడు, మాటల్లో ఇస్తే కూడాలా తీయాలా అని అడుగుతాడు.

"ఎక్కువ" అని ఉంటే కూడు, "మిగిలాయి" అని ఉంటే తీసెయ్ అని ఎవరో చెప్పి ఉంటారు. అలా చెప్పకండి. "రమ్య దగ్గర 52 గాజులున్నాయి. అవి సుజాత గాజుల కంటే 17 ఎక్కువ. సుజాత దగ్గర ఎన్ని?" ఎక్కువ అనే మాట చూసి పిల్లలు 69 రాసేస్తారు. ముందు లెక్కలోంచి అంకెలు తీసేసి కథ చెప్పించండి: ఎవరి దగ్గర ఎక్కువున్నాయి? రమ్య దగ్గర. మరి సుజాత దగ్గర రమ్య కంటే ఎక్కువ ఎలా వస్తాయి? ఆ తర్వాత అంకెలు.

ఇంకో జాగ్రత్త. "మిర్చి యార్డుకు ఉదయం 345 టిక్కీలు (బస్తాలు) వచ్చాయి, మధ్యాహ్నం 27 వచ్చాయి" అన్నప్పుడు 27ను ఎడమవైపుకు జరిపి 3 కింద 2 రాస్తే 615 వస్తుంది. మూడు వందల యాభై దగ్గర ఇరవై ముప్పై కలిస్తే ఆరు వందలు ఎలా అవుతుందో అడగండి. గళ్ల పుస్తకం వాడితే ఈ తప్పు తగ్గుతుంది. అంచనా అలవాటైతే పూర్తిగా పోతుంది.

నాలుగో తరగతికి వచ్చినా ఏదీ నిలవడం లేదు. ఏదైనా సమస్యా?

కావచ్చు, కాకపోవచ్చు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. బల్ల మీద అంకె కనబడక వెనకబడిన పిల్లలను చూశాను. పుల్లలు, నోట్లతో కొన్ని నెలలు ఓపికగా చేయించినా ఏడుకూ తొమ్మిదికీ ఏది పెద్దదో తడుముకుంటుంటే డిస్కాలిక్యులియా (అంకెలు, లెక్కలు పట్టుబడడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) గురించి పిల్లల మానసిక నిపుణులను అడగండి. బద్ధకం అని మాత్రం ముద్ర వేయకండి.

పరీక్షలో నిలువుగా చేయకపోతే మార్కులు ఇవ్వడం లేదు. మీ పద్ధతులతో మా వాడికి నష్టం కదా?

నష్టమే. మా అక్క కూతురితో కూడా ఈ విషయం మీద వాదన అయింది. ప్రశ్నపత్రం మన చేతిలో ఉండదు. కాబట్టి ఒక ఒప్పందానికి రండి. లెక్క చూడగానే మనసులో తనకు నచ్చిన పద్ధతిలో జవాబు అనుకోవాలి, దాన్ని పేజీ అంచున పెన్సిలుతో చిన్నగా రాసుకోవాలి. తర్వాత నిలువుగా పూర్తిగా చేయాలి. రెండూ కలిస్తే ముందుకు సాగడం, కలవకపోతే అక్కడే ఆగడం. చివర్లో పెన్సిలు అంకెలు తుడిచేయమని నేను చెప్పను. మొన్న ఒక తల్లి ఆ కాగితం తెచ్చి చూపించింది. 52లో 38 తీసే నిలువు లెక్కలో 26 కొట్టేసి, పక్కన 14 రాసి ఉంది. అంచున పెన్సిలుతో 14 ముందే ఉంది.